జావా, కాట్లిన్ కలిసున్న ఆండ్రాయిడ్ యాప్‌లో నల్ క్రాష్‌లు ఆపడం ఎలా?

"కాట్లిన్‌లో నల్ సేఫ్టీ ఉందన్నారు కదా, మరి మా యాప్ ఇంకా నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌తోనే ఎందుకు పడిపోతోంది?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నల్ అంటే విలువ ఏమీ లేకపోవడం. దాన్ని విలువ ఉన్నట్టే వాడబోతే వచ్చే క్రాషే నల్ పాయింటర్ ఎక్సెప్షన్. అడిగేవాళ్లందరి పరిస్థితీ దాదాపు ఒకటే. యాప్ ఎప్పుడో జావాలో మొదలైంది. 2017లో గూగుల్ కాట్లిన్‌కి అధికారికంగా మద్దతు ప్రకటించాక కొత్త స్క్రీన్లు కాట్లిన్‌లో రాశారు. పాతవి ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేక అలాగే ఉండిపోయాయి.

కాట్లిన్ ఇచ్చే హామీ కాట్లిన్ కోడ్ వరకే. జావా నుంచి వచ్చే విలువ నల్ అవుతుందో కాదో కంపైలర్‌కి (కోడ్‌ని యాప్‌గా మార్చే సాధనానికి) తెలియదు. తెలియనప్పుడు అది మిమ్మల్ని ఆపదు, మీ ఇష్టానికి వదిలేస్తుంది. ఇలాంటి టైపుని ప్లాట్‌ఫాం టైప్ అంటారు. యాప్ రాసే ఆండ్రాయిడ్ స్టూడియోలో దాని పక్కన ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది. ఉదాహరణకి అక్షరాలుండే స్ట్రింగ్ టైపు తీసుకుంటే, ఉత్త స్ట్రింగ్ అంటే నల్ కాదు, స్ట్రింగ్? అంటే కావచ్చు, స్ట్రింగ్! అంటే "నాకు తెలీదు, నువ్వే చూసుకో". ఆ మూడోది మీరు కోడ్‌లో రాయలేరు, ఎడిటర్లోనూ ఎర్రర్ మెసేజుల్లోనూ మాత్రమే కనిపిస్తుంది.

థియరీ ఇంతకంటే అక్కర్లేదు. పని మొత్తానికీ పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: రెండు భాషలు కలిసే చోటే నల్ సంగతి తేల్చేయండి. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పిస్తాం గానీ, లోపలికి రానిచ్చి గదిగదీ తుడుచుకుంటూ తిరగం కదా.

కోడ్ పేర్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాను. స్టూడియోలో కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టండి.

కావలసినవి

- ఆండ్రాయిడ్ స్టూడియో, వీలైనంత కొత్త వెర్షన్.
- కాట్లిన్ 1.4 లేదా ఆ పైది. 2.1 అయితే ఇంకా మంచిది, కారణం మూడో మెట్టులో చెప్తాను.
- ఆండ్రాయిడ్‌ఎక్స్ అనోటేషన్ లైబ్రరీ (అనోటేషన్ అంటే కంపైలర్ కోసం కోడ్ పైన పెట్టే గుర్తు). చాలా ప్రాజెక్టుల్లో వేరే లైబ్రరీల వెంట వచ్చేసే ఉంటుంది, అయినా గ్రేడిల్ (బిల్డ్ సెట్టింగుల) ఫైల్లో ఒకసారి చూడండి.
- గిట్‌లో విడిగా ఒక బ్రాంచ్. ఈ పని మెయిన్ బ్రాంచ్‌లో మొదలుపెట్టకండి.
- ప్లే కన్సోల్ నుంచో, క్రాష్‌లిటిక్స్ నుంచో గత నెల క్రాష్ రిపోర్టులు.
- మీ సర్వర్ నిజంగా పంపిన జేసన్ (డేటా పంపే టెక్స్ట్ రూపం) నమూనాలు కొన్ని. డాక్యుమెంట్‌లో ఉన్నవి కాదు, నిజంగా వచ్చినవి.

1. క్రాష్ ఎటునుంచి వచ్చిందో ముందు తేల్చుకోండి

స్టాక్ ట్రేస్ (క్రాష్ ఏ లైన్ల మీదుగా వచ్చిందో చూపే జాబితా) చూడగానే ఆ లైన్ దగ్గరకు పరిగెత్తి ఒక ప్రశ్నార్థకం పెట్టేయడం అందరికీ అలవాటు. ఆగి మెసేజ్ చదవండి. నల్ ఏ దారిన వచ్చిందో అదే చెప్తుంది.

"పారామీటర్ స్పెసిఫైడ్ యాజ్ నాన్‌నల్ ఈజ్ నల్" అని ఉంటే, జావా కోడ్ మీ కాట్లిన్ ఫంక్షన్‌కి నల్ పంపింది. వెనకే మెథడ్ పేరు, పారామీటర్ పేరు కూడా ఉంటాయి. తప్పు పిలిచినవాడిది కావచ్చు, లేదా మీరు ఆ పారామీటర్‌కి ప్రశ్నార్థకం పెట్టకపోవడం కావచ్చు.

చివర "మస్ట్ నాట్ బి నల్" అని ఉంటే దిశ తిరగబడింది. జావా నుంచి తెచ్చుకున్న విలువని మీరు నల్ కాని టైపులో పెట్టబోయారు.

"అటెంప్ట్ టు ఇన్వోక్ వర్చువల్ మెథడ్... ఆన్ ఎ నల్ ఆబ్జెక్ట్ రిఫరెన్స్" అనేది మామూలు జావా తరహా క్రాష్. ఇది కాట్లిన్ ఫైల్లో కనిపించిందంటే ప్లాట్‌ఫాం టైప్ ఒకటి చెక్ లేకుండా చాలా లోపలికి వచ్చేసిందని అర్థం. వెతకడానికి ఎక్కువ టైమ్ తినేది ఇదే. నల్ పుట్టిన చోటు ఒకటి, పేలిన చోటు ఇంకొకటి.

మెసేజే లేకుండా ఉత్త నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అని ఉంటే ఎక్కువసార్లు మీరే రాసిన రెండు ఆశ్చర్యార్థకాల (!!, అంటే "ఇది నల్ కాదు, నా మాట నమ్ము") పని.

ఒక హెచ్చరిక. కాట్లిన్ 1.4 కి ముందు వీటిలో కొన్ని ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్‌గా, ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్‌గా వచ్చేవి. 1.4 నుంచి అన్నీ నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌గానే వస్తున్నాయి. పాత ట్రై-క్యాచ్‌లో ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్‌ని పట్టుకుని నెట్టుకొచ్చిన కోడ్ మీ దగ్గర ఉంటే, వెర్షన్ పెంచిన రోజు నుంచి అది పట్టుకోదు. వెతికి తీసేయండి.

2. కలిసే చోట్ల జాబితా రాసుకోండి

కాగితం మీదైనా సరే, రాయండి. మామూలుగా ఈ చోట్లు ఉంటాయి: జావా మోడల్ క్లాసులు, జావా యుటిలిటీ క్లాసులు (ప్రతి పాత ప్రాజెక్టులోనూ యుటిల్స్ అని ఒక మహాసముద్రం ఉంటుంది), జావాలో రాసిన బయటి లైబ్రరీలు, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ సొంత లైబ్రరీ) కాల్‌బ్యాక్‌లు, అంటే సిస్టమ్ తానుగా పిలిచే మీ మెథడ్లు, జేసన్ పార్సర్, షేర్డ్ ప్రిఫరెన్సులు (ఫోన్‌లో దాచే చిన్న సెట్టింగులు), ఇంటెంట్ ఎక్స్‌ట్రాలు (స్క్రీన్ నుంచి స్క్రీన్‌కి పంపే డేటా).

కాట్లిన్ ఫైల్లో ఏదైనా వేరియబుల్ మీద కర్సర్ పెట్టి టైప్ చూడండి. ఆశ్చర్యార్థకం కనిపిస్తే జాబితాలోకి ఎక్కించండి. స్టూడియో సెట్టింగుల్లో టైప్ హింట్లు ఆన్ చేసుకుంటే ఒక్కొక్కటీ తాకి చూసే శ్రమ తప్పుతుంది.

జాబితా పొడుగ్గా ఉందని టెన్షన్ పడకండి. అన్నీ ఒకేసారి సరిచేయక్కర్లేదు. క్రాష్ రిపోర్టుల్లో పైన ఉన్న క్లాసులతో మొదలుపెట్టండి.

3. జావా వైపు అనోటేషన్లు పెట్టండి

ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ ఉన్న మెట్టు ఇదే. జావా మెథడ్ తిరిగిచ్చే విలువ నల్ కావచ్చు అనుకుంటే పైన @నల్లబుల్, కాదు అనుకుంటే @నాన్‌నల్. పారామీటర్లకీ అంతే. ఇవి పెట్టిన మరుక్షణం కాట్లిన్ వైపు ఆ ఆశ్చర్యార్థకం పోయి, ఖచ్చితమైన టైప్ వస్తుంది. దాంతోపాటు ఎర్ర గీతలు కూడా. ఆ గీతలన్నీ ఇన్నాళ్లూ కనపడకుండా ఉన్న క్రాష్‌లే.

చేసే వరుస:

ముందు గెట్టర్లు, విలువ తిరిగిచ్చే మెథడ్లు. తర్వాత పారామీటర్లు. ఫీల్డులు చివర్లో.

ప్రతి మెథడ్ లోపలికి వెళ్లి రిటర్న్ లైన్లన్నీ చూడండి. క్యాచ్ బ్లాకులో "రిటర్న్ నల్" అని ఒకటి దాక్కుని ఉంటుంది. పాత జావా కోడ్‌లో నల్‌కి ఇష్టమైన చోటు అదే.

స్టూడియోలో "ఇన్ఫర్ నల్లిటీ" అనే సాధనం ఉంది. షిఫ్ట్ రెండుసార్లు నొక్కి ఆ పేరు వెతకండి, మెనూలో దాని చోటు వెర్షన్‌ని బట్టి మారుతూ వచ్చింది. కోడ్ చదివి తానే అనోటేషన్లు పెడుతుంది. వాడండి, కానీ పెట్టినవి కళ్లతో చూడకుండా కమిట్ చేయకండి. అది కోడ్ మాత్రమే చూస్తుంది, మీ సర్వర్ ఏం పంపుతుందో దానికి తెలియదు.

ఏ అనోటేషన్ వాడాలి అనే వాదనలో టైమ్ పోగొట్టుకోకండి. యాప్ కోడ్‌కి ఆండ్రాయిడ్‌ఎక్స్ వాటితో పని జరిగిపోతుంది. బయటి లైబ్రరీల విషయం వేరు. వాటిలో కొన్ని జేఎస్ఆర్ 305 అనే పాత రకం అనోటేషన్లు వాడతాయి, కాట్లిన్ వాటిని మామూలుగా వార్నింగ్‌గానే తీసుకుంటుంది. కంపైలర్ ఆప్షన్లలో జేఎస్ఆర్ 305 కి "స్ట్రిక్ట్" అని పెడితే ఎర్రర్లవుతాయి. కొత్తగా వచ్చిన జేస్పెసిఫై అనోటేషన్లు 2024లో 1.0 కి చేరాయి. కాట్లిన్ 2.1 నుంచి వాటి తేడాలు ఏ ఆప్షనూ పెట్టకుండానే ఎర్రర్లుగా వస్తాయి. పైన 2.1 మంచిదన్నది అందుకే. ఎర్రర్లు మరీ ఎక్కువై బిల్డ్ ఆగిపోతే, తాత్కాలికంగా వార్నింగ్‌కి దించుకునే ఆప్షన్ కూడా ఉంది.

జేస్పెసిఫైలో @నల్‌మార్క్‌డ్ అని ఒకటుంది. ప్యాకేజీ మీదో క్లాసు మీదో ఇది పెడితే లోపల ఏమీ రాయనివన్నీ నల్ కానివే అని లెక్క. అయ్యేవాటికి మాత్రం @నల్లబుల్ పెట్టుకుంటే చాలు. పెద్ద క్లాసులున్నప్పుడు చేతి నొప్పి తగ్గుతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు: ఎర్ర గీతలు చూసి భయపడి, నల్ అయ్యేదానికి కూడా @నాన్‌నల్ పెట్టేయడం. బిల్డ్ శుభ్రంగా అవుతుంది, యూజర్ ఫోన్‌లో పేలుతుంది. తెలియకపోతే @నల్లబుల్ పెట్టండి, లేదా ఏమీ పెట్టకుండా వదిలేయండి. అబద్ధపు అనోటేషన్ కంటే అసలు లేకపోవడమే నయం.

4. కాట్లిన్ వైపు టైపు మీరే రాయండి

జావా నుంచి విలువ తెచ్చుకునే లైన్లో టైపుని కాట్లిన్ ఊహకి వదిలేయకండి.

ఇలా కాదు: వాల్ పిన్ = యూజర్.పిన్‌కోడ్

ఇలా: వాల్ పిన్: స్ట్రింగ్? = యూజర్.పిన్‌కోడ్

మొదటి దానిలో పిన్ టైపు స్ట్రింగ్! అవుతుంది. అక్కడ చెక్ ఏమీ జరగదు, నల్ చక్కగా లోపలికి నడిచిపోతుంది. రెండోదానిలో కంపైలర్ ఆ తర్వాత ప్రతి చోటా మిమ్మల్ని నిలదీస్తుంది. ప్రశ్నార్థకం లేకుండా స్ట్రింగ్ అని రాసినా మేలే. నల్ వస్తే ఆ లైన్లోనే పడిపోతుంది కాబట్టి వెతుకులాట ఉండదు.

లిస్టుల దగ్గర ఇంకో మెలిక ఉంది. జావా నుంచి వచ్చిన లిస్టు నల్ కావచ్చు, లిస్టు ఉండి అందులోని ఐటమ్‌లు నల్ కావచ్చు, రెండూ కావచ్చు. లిస్ట్<స్ట్రింగ్?>? అని తీసుకుని, ఆర్‌ఎంప్టీ, ఆ వెంటనే ఫిల్టర్‌నాట్‌నల్ వేస్తే లోపలికి శుభ్రమైన లిస్టే వస్తుంది. అయితే ఐటమ్‌లు తగ్గిపోతే మీ లెక్కలు తప్పుతాయా లేదా అని ఆలోచించుకోండి. బిల్లులోని వస్తువుల జాబితా నుంచి చప్పుడు లేకుండా ఒక వస్తువుని తీసేస్తే, యాప్ క్రాష్ అవ్వడం కంటే అది పెద్ద గొడవ.

ఎస్‌డీకే కాల్‌బ్యాక్‌లని ఓవర్‌రైడ్ చేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. కీబోర్డులో "డన్" నొక్కినప్పుడు వచ్చే ఆన్‌ఎడిటర్‌యాక్షన్‌లో కీఈవెంట్ అనే పారామీటర్ ఉంటుంది. ఎంటర్ కీ నొక్కితేనే అందులో విలువ ఉంటుంది, లేకపోతే నల్. దీన్ని ప్రశ్నార్థకం లేకుండా రాసిన యాప్ మీ ఎమ్యులేటర్లో ల్యాప్‌టాప్ కీబోర్డుతో ఎంటర్ కొడితే బాగానే పనిచేస్తుంది. ఫోన్‌లో తెర మీది కీబోర్డు వాడేవాళ్లకి పడిపోతుంది.

ఎస్‌డీకే అనోటేషన్లు కూడా వేదవాక్కులేం కావు. వేలితో విసిరే జెస్చర్‌కి వచ్చే ఆన్‌ఫ్లింగ్‌లో మొదటి మోషన్‌ఈవెంట్ నల్ కావచ్చు. ఎస్‌డీకే 33లో దాన్ని నల్ కానిదిగా మార్క్ చేశారు, 34లో సరిదిద్దారు. 33తో కంపైల్ చేసిన కాట్లిన్ యాప్‌లు ఈ మధ్యలో క్రాష్‌లు చూశాయి. కంపైల్ ఎస్‌డీకే పెంచిన ప్రతిసారీ ఓవర్‌రైడ్‌ల సంతకాలు మారాయేమో చూసుకోండి.

5. జేసన్ దగ్గర ఎక్కువసేపు కూర్చోండి

నేను చూసినంతలో మిశ్రమ యాప్‌లలో నల్ క్రాష్‌లకి పెద్ద దారి ఇదే. అందులోనూ జేసన్‌ని ఆబ్జెక్టులుగా మార్చే జీసన్ లైబ్రరీ.

జీసన్ జావా కోసం రాసినది. దానికి కాట్లిన్ ప్రశ్నార్థకాల సంగతి తెలియదు. మీ డేటా క్లాసులో లాస్ట్‌నేమ్: స్ట్రింగ్ అని ఉన్నా, జేసన్‌లో ఆ కీ లేకపోతే జీసన్ గొడవ చేయదు. ఆ ఫీల్డులో నల్ పెట్టి ఆబ్జెక్టు మీ చేతికిస్తుంది. ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ దొరక్కపోతే, కన్‌స్ట్రక్టర్‌నే పిలవకుండా ఆబ్జెక్టుని తయారుచేస్తుంది. కాబట్టి కన్‌స్ట్రక్టర్లో ఉండే చెక్‌లూ జరగవు, మీరు రాసిన డీఫాల్ట్ విలువలూ రావు. నల్ కాదని కాట్లిన్ ప్రమాణం చేసిన చోట నల్ కూర్చుంటుంది. "ఈ ఇఫ్ కండిషన్ ఎప్పుడూ తప్పే" అని స్టూడియో పసుపు రంగు వార్నింగ్ ఇస్తుంది, మీరు చెక్ తీసేస్తారు, యాప్ పడిపోతుంది.

ఇదేదో అరుదుగా జరిగేదనుకోకండి. మనవైపు చాలామందికి ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా. ఫస్ట్‌నేమ్, లాస్ట్‌నేమ్ అని అడిగే ఫారంలో రెండో గడి ఖాళీగా వదిలేసేవాళ్లు ఎందరో. బెంగళూరులోనో అమెరికాలోనో కూర్చుని టెస్ట్ డేటా రాసినవాళ్లకి రెండు గడులూ నిండుగానే కనిపిస్తాయి.

చేయాల్సింది:

అ) సర్వర్ నుంచి వచ్చే ఆకారానికి ఒక క్లాసు, యాప్ లోపల వాడుకునే ఆకారానికి ఇంకో క్లాసు పెట్టుకోండి. మొదటి దానిలో ప్రతి ఫీల్డుకీ ప్రశ్నార్థకం ఉండాలి, మినహాయింపు లేదు. రెండోదానిలో నిజంగా అవసరమైన చోటే ఉండాలి.

ఆ) మొదటి దాన్ని రెండోదానిగా మార్చే ఫంక్షన్ ఒక్కటి రాయండి. నల్ గురించిన నిర్ణయాలన్నీ దీనిలోనే. ఐడీ లేకపోతే ఆ రికార్డే పనికిరాదు, నల్ తిరిగిచ్చి లాగ్‌లో రాయండి. పేరు లేకపోతే (డీటీఓ అంటే ఆ మొదటి క్లాసు ఆబ్జెక్టు) డీటీఓ.నేమ్?.ట్రిమ్().ఆర్‌ఎంప్టీ() అని ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి. బ్యాలెన్స్ లేకపోతే సున్నా పెట్టకండి! ప్రశ్నార్థకంతోనే ఉంచి, తెర మీద గీత చూపించండి. ఖాతాలో డబ్బు సున్నా అని చూసిన మనిషి పడే కంగారు మీ క్రాష్ రిపోర్టులో కనపడదు.

ఇ) కొత్త ప్రాజెక్టయితే జీసన్ వదిలేసి కాట్లిన్‌ఎక్స్ సీరియలైజేషన్, లేదా కాట్లిన్ మద్దతు పెట్టుకున్న మోషీ తీసుకోండి. ఇవి నల్ కాని ఫీల్డుకి విలువ లేకపోతే పార్సింగ్ దగ్గరే ఎర్రర్ ఇస్తాయి. ఏ ఫీల్డో కూడా చెప్తాయి. కాట్లిన్‌ఎక్స్‌లో కోయర్స్‌ఇన్‌పుట్‌వాల్యూస్ ఆన్ చేస్తే, నల్ వచ్చినప్పుడు మీ డీఫాల్ట్ విలువ వాడుతుంది. పాత ప్రాజెక్టులో జీసన్‌ని ఒక్క రోజులో పీకలేరు. అక్కడ అ, ఆ చేస్తే సరిపోతుంది.

డేటా క్లాసులోని అన్ని పారామీటర్లకీ డీఫాల్ట్ విలువలు ఇస్తే జీసన్ సమస్య తీరిపోతుందని ఒక చిట్కా తిరుగుతోంది. సగమే నిజం. అలా ఇస్తే ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ తయారవుతుంది కాబట్టి, కీ లేనప్పుడు మీ డీఫాల్ట్ వస్తుంది. కానీ కీ ఉండి విలువ నల్ అని వస్తే ఆ నల్‌నే పెట్టేస్తుంది. ఒక్క పారామీటర్‌కి డీఫాల్ట్ మర్చిపోయినా మొదటికే వస్తుంది.

"డీబగ్ బిల్డ్‌లో అంతా బాగుంది, రిలీజ్‌లో అన్ని ఫీల్డులూ నల్" అనే ఫిర్యాదు కూడా ఇక్కడిదే. రిలీజ్ బిల్డ్‌ని చిన్నది చేసే ఆర్8 అనే సాధనం ఫీల్డుల పేర్లు కుదించేస్తుంది, జీసన్‌కి జేసన్ కీలతో పేర్లు కలవవు. ప్రతి ఫీల్డుకీ @సీరియలైజ్డ్‌నేమ్ పెట్టండి, కీప్ రూల్స్ (దేన్ని మార్చొద్దో ఆర్8కి చెప్పేవి) సరిచూసుకోండి.

6. జావా నుంచి కాట్లిన్‌ని పిలిచే చోట్లు

కాట్లిన్ ఫంక్షన్లో డీఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు ఇచ్చి ఉంటారు. జావాకి అవి కనిపించవు, అన్నీ పంపాల్సిందే. జావా ఫైల్ రాసేవాళ్లు ఏం పంపాలో తెలియక నల్ పెట్టేస్తారు. దాంతో మొదటి మెట్టులోని "పారామీటర్ స్పెసిఫైడ్..." క్రాష్. ఫంక్షన్ పైన @జేవీఎం‌ఓవర్‌లోడ్స్ పెడితే చిన్న రూపాలు కూడా జావాకి దొరుకుతాయి.

ఈ చెక్ ప్రైవేట్ ఫంక్షన్లకి ఉండదని గుర్తుంచుకోండి. పబ్లిక్ ఫంక్షన్ గుమ్మంలోనే పడితే మంచిదే, కారణం చేతికి దొరుకుతుంది.

అంకెల దగ్గర దిశ మారుతుంది. కాట్లిన్‌లో ఇంట్? తిరిగిచ్చే ఫంక్షన్, జావా వైపు ఇంటీజర్‌గా కనిపిస్తుంది. జావాలో దాన్ని మామూలు చిన్న ఇంట్ వేరియబుల్‌లో పెట్టుకుంటే, నల్ వచ్చిన రోజు ఆ కేటాయింపు లైన్లోనే పేలుతుంది. ఆ లైన్ చూస్తే తప్పేమీ ఉన్నట్టుండదు, చుక్క పెట్టి ఏ మెథడ్‌నీ పిలవలేదు కదా అనిపిస్తుంది. బూలియన్‌తోనూ ఇంతే. కాట్లిన్‌లో బూలియన్? ని పరీక్షించేటప్పుడు == ట్రూ అని పూర్తిగా రాయండి.

7. రెండు ఆశ్చర్యార్థకాల వేట

ప్రాజెక్టు మొత్తంలో !! కోసం వెతకండి. జావా ఫైలుని స్టూడియో కన్వర్టర్‌తో కాట్లిన్‌లోకి మార్చి ఉంటే ఇవి పిట్టల్లా వాలి ఉంటాయి. కన్వర్టర్ తప్పేం లేదు, దానికి తెలియని చోట పెట్టింది. పెట్టినవాటిని అలాగే వదిలేసింది మనం.

ఒక్కోదాని దగ్గర ఆగి "ఇక్కడ నల్ వస్తే యూజర్‌కి ఏం జరగాలి?" అని అడగండి. జవాబుని బట్టి:

- ఏమీ జరగక్కర్లేదు అంటే: ?. చాలు, నల్ అయితే ఆ పిలుపు జరగదు.
- వేరే విలువ వాడొచ్చు అంటే: ?: పెట్టి ఆ విలువ ఇవ్వండి.
- ముందుకు వెళ్లడానికే లేదు అంటే: ?: రిటర్న్ అని బయటికొచ్చేయండి, తెర మీద యూజర్‌కి చెప్పండి.
- ఇది నల్ అయితే కోడ్‌లోనే తప్పున్నట్టు అంటే: రిక్వైర్‌నాట్‌నల్ వాడి, మెసేజ్ మీరే రాయండి. ఉత్త !! కంటే క్రాష్ రిపోర్ట్ చదవడానికి వెయ్యి రెట్లు మేలు.

ఒకే లైన్లో మూడు నాలుగు !! గొలుసుగా ఉంటే ముందు విడదీయండి. క్రాష్ వస్తే లైన్ నంబర్ దొరుకుతుంది గానీ ఏ !! పేలిందో తెలియదు.

!! తీసేసే ఉత్సాహంలో కొత్తగా చేసే తప్పులు మూడు కనిపిస్తాయి.

ఒకటి, టుస్ట్రింగ్. నల్ మీద టుస్ట్రింగ్ పిలిస్తే క్రాష్ అవ్వదు, "నల్" అనే నాలుగక్షరాల ఇంగ్లిష్ మాట వస్తుంది. యూజర్ తెర మీద "నమస్కారం, నల్ గారూ" అని పలకరిస్తుంది. నవ్వొస్తుంది గానీ, అదే మాట సర్వర్‌కి వెళ్లి డేటాబేస్‌లో పేరుగా సేవ్ అయితే శుభ్రం చేయడం నరకం. స్ట్రింగ్ టెంప్లేట్‌లోనూ ఇదే జరుగుతుంది.

రెండు, ?.లెట్ బ్లాక్ వెనక ?: రన్ పెట్టి ఇఫ్-ఎల్స్ లాగా వాడటం. లెట్ బ్లాకులో చివరి లైన్ నల్ ఇస్తే రన్ బ్లాక్ కూడా నడుస్తుంది. రెండూ నడిచాయేంటని తల పట్టుకుంటారు. మామూలు ఇఫ్ రాయండి, సిగ్గుపడేదేం లేదు. వేరియబుల్ క్లాసులోని వార్ అయితే ఇఫ్‌లో చెక్ చేసినా కంపైలర్ ఒప్పుకోదు. ముందు లోకల్ వాల్‌లోకి తీసుకుని దాన్ని చెక్ చేయండి.

మూడు, టైప్ మార్చేటప్పుడు యాజ్ స్ట్రింగ్? కి, యాజ్? స్ట్రింగ్ కి తేడా మర్చిపోవడం. మొదటిది నల్‌ని ఒప్పుకుంటుంది గానీ వేరే టైపు వస్తే పడిపోతుంది. రెండోది టైపు కలవకపోతే నల్ ఇస్తుంది. ప్రశ్నార్థకం చోటు మారితే అర్థమే మారుతుంది.

ఫ్రాగ్మెంట్‌లో (స్క్రీన్‌లో ఒక భాగం) బైండింగ్‌ని (దాని వ్యూలని పట్టుకునే ఆబ్జెక్టు) ఆన్‌డిస్ట్రాయ్‌వ్యూలో నల్ చేసి, నెట్‌వర్క్ జవాబు ఆలస్యంగా వచ్చినప్పుడు దాన్ని !! తో తాకడం కూడా ఈ కోవలోదే. పనిని వ్యూ‌లైఫ్‌సైకిల్‌ఓనర్ స్కోప్‌లో నడిపితే, వ్యూ పోగానే పని కూడా రద్దవుతుంది.

8. పనిచేసిందో లేదో చూసుకోవడం

ఎర్ర గీతలు పోయాయి కదా అని ఆపేయకండి.

జేసన్‌కి ఐదు నమూనాలు తయారుచేయండి: అన్నీ ఉన్నది, ఒక కీ అసలు లేనిది, కీ ఉండి విలువ నల్ అయినది, ఖాళీ స్ట్రింగ్ ఉన్నది, నల్ అనే మాట కోట్స్‌లో స్ట్రింగ్‌గా వచ్చినది. మాక్‌వెబ్‌సర్వర్ అనే ఉత్తుత్తి సర్వర్‌తో ఐదూ పంపి, ఐదో మెట్టులోని మార్పిడి ఫంక్షన్ ఏమిస్తోందో టెస్టులో రాయండి. చివరిది అతి అనిపించొచ్చు, పైన చెప్పిన టుస్ట్రింగ్ తప్పు సర్వర్ వైపు వాళ్లూ చేస్తారు.

జావా నుంచి పిలిచే కాట్లిన్ ఫంక్షన్లకి టెస్టులు జావాలోనే రాయండి. కాట్లిన్‌లో రాస్తే నల్ పంపడానికి కంపైలరే ఒప్పుకోదు, అసలు పరీక్షే జరగదు.

ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్లలోకి వెళ్లి "డోంట్ కీప్ యాక్టివిటీస్" ఆన్ చేసి యాప్ అంతా ఒకసారి తిరగండి. వేరే యాప్‌లోకి వెళ్లి రండి, ఫోన్ అడ్డంగా తిప్పండి. లేట్‌ఇనిట్ (విలువ తర్వాత ఇస్తానని మాటివ్వడం) పెట్టి మర్చిపోయినవి, ఇంటెంట్ ఎక్స్‌ట్రాలు లేనివి అన్నీ బయటపడతాయి. అయ్యాక ఆఫ్ చేయడం మర్చిపోకండి, లేదంటే రేపు మీ ఫోన్‌కేదో జబ్బు చేసిందనుకుంటారు.

ఒక చెక్ నిజంగా పడిందా లేదా అని అనుమానం వస్తే, టూల్స్ మెనూలో కాట్లిన్ బైట్‌కోడ్ చూపించే ఆప్షన్ తీసి డీకంపైల్ నొక్కండి. ఇంట్రిన్సిక్స్ అనే పేరుతో చెక్‌నాట్‌నల్ పిలుపులు కనిపిస్తే చెక్ ఉన్నట్టు.

చివరగా రిలీజ్ బిల్డ్. ఇదంతా డీబగ్‌లో చూసి సంతోషపడితే సగం పనే. ప్రోగార్డ్ రూల్స్ ఫైల్ (ఆర్8 చదివేది ఇదే) తెరిచి, ఆ ఇంట్రిన్సిక్స్ క్లాసు మీద అజ్యూమ్‌నోసైడ్‌ఎఫెక్ట్స్ రూల్ ఎవరైనా పెట్టారేమో చూడండి. యాప్ సైజు కాస్త తగ్గుతుందని పాత రోజుల్లో చాలామంది పెట్టారు. ఆ రూల్ ఉంటే కాట్లిన్ పెట్టిన గుమ్మం చెక్‌లన్నీ రిలీజ్‌లో మాయమవుతాయి. డీబగ్‌లో ఒక లైన్లో పడేది, రిలీజ్‌లో పది ఫంక్షన్లు దాటాక ఇంకెక్కడో పడుతుంది. స్టాక్ ట్రేస్ చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు. కొన్ని వేల బైట్ల కోసం అంత కష్టం దండగ, తీసేయండి.

ఐఫోన్ యాప్ చేసేవాళ్లు అడిగేది

ఆబ్జెక్టివ్-సి, స్విఫ్ట్ కలిసిన చోటా కథ ఇదే, పేర్లే వేరు. అనోటేషన్లు లేని ఆబ్జెక్టివ్-సి హెడర్ నుంచి వచ్చిన స్ట్రింగ్ స్విఫ్ట్‌లో స్ట్రింగ్! గానే కనిపిస్తుంది. గుర్తు కూడా అదే. 2015లో ఎక్స్‌కోడ్ 6.3తో వచ్చిన నల్లబుల్, నాన్‌నల్ మాటలని హెడర్లో పెట్టండి. ఫైల్ మొత్తానికి ఎన్‌ఎస్ అజ్యూమ్ నాన్‌నల్ బిగిన్, ఎండ్ మధ్య చుట్టేసి, నిల్ (అక్కడ నల్‌కి పేరు) అయ్యేవాటికి మాత్రం విడిగా నల్లబుల్ రాయండి.

అక్కడ రెండు తేడాలున్నాయి. ఆబ్జెక్టివ్-సిలో నిల్‌కి మెసేజ్ పంపినా క్రాష్ అవ్వదు, సున్నానో నిల్‌నో తిరిగొస్తుంది. అందుకే ఏళ్ల తరబడి కనపడని తప్పు, ఆ స్క్రీన్‌ని స్విఫ్ట్‌లోకి మార్చిన వారంలోనే బయటపడుతుంది. మార్చినవాళ్ల మీద విరుచుకుపడకుండా పాత హెడర్ చూడండి. రెండోది, ఆపిల్ ఫౌండేషన్ లైబ్రరీలోని జేసన్‌సీరియలైజేషన్ నల్‌ని నిల్‌గా ఇవ్వదు, ఎన్‌ఎస్‌నల్ అనే ఆబ్జెక్టుగా ఇస్తుంది. నిల్ కాదు కదా అని స్విఫ్ట్‌లో చెక్ దాటిపోతుంది. యాజ్? స్ట్రింగ్ అని టైపుతో సహా అడిగితేనే ఆగుతుంది.